మా ఇంటావిడను చూడండి

కారంపూడి దాటాక రోడ్డు పక్కనే ఉండే ఆ ఊళ్ళో ధనమ్మ గొంతు తెలియని మనిషి లేడు. పొద్దున్నే పాలు పితకడానికి కూర్చుని "కదలకుండా ఉండవే, నీ దుంప తెగ!" అని గేదెను అదిలించిందంటే, వెనక వీధిలో ముసుగుతన్ని పడుకున్న కుర్రాళ్ళు కూడా లేచి కూర్చోవాల్సిందే. మిరపచేలో ఈ గట్టు మీద నిలబడి ఆ గట్టు దగ్గరున్న మనిషికి కబురు చెప్పగలదు. సెల్‌ఫోను కొన్న కొత్తలో కూతురు నీలిమ పడీపడీ నవ్వేది. "నీకు ఫోనెందుకే అమ్మా, అరుగు మీద నిలబడి మాట్లాడితే నరసరావుపేటలో నాకు వినపడదా?" అనేది.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. పొడగరి. చీర ఎగదోపుకుని కల్లంలో నిలబడి మిరపకాయలు ఎండబోయిస్తుంటే కూలికొచ్చిన ఆడవాళ్ళు ఒక్కరూ పని ఎగ్గొట్టరు, అట్టాగని ఒక్కరూ భయపడరు. వాళ్ళ పిల్లకి జ్వరమంటే ఆటో పిలిచేది ధనమ్మే, ఆస్పత్రి దాకా తోడు పోయేదీ ధనమ్మే. కాయ ధర పడిపోయిన ఏడాది మొగుడు మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకుంటే, బస్తాలు లారీకెత్తించి తనే గుంటూరు మిర్చి యార్డుకి పోయింది. అక్కడ దళారీ "మగవాళ్ళెవరూ రాలేదా అమ్మా?" అంటే, "వచ్చారు, నీ ముందే నిలబడున్నారు, కాయ చూడు" అందంట. చెప్పొద్దూ, అట్టాంటి మనిషి ఇంటికొకరుంటే ఆ ఇల్లు నిలబడి తీరుద్ది.

నిలబడింది కూడా. పేరు మాత్రం మొగుడికి వచ్చింది.

మొగుడు వెంకట్రామయ్య ఆ ఊరికి పెద్దమనిషి. గట్టు తగాదా, కాలవ నీళ్ళ తగాదా, అన్నదమ్ముల పంపకం, ఏదైనా ఆయన దగ్గరికే. అన్నింటికంటే ఎక్కువ వచ్చేవి మొగుడూపెళ్ళాల గొడవలు. పాలకేంద్రం ముందు రేకుల షెడ్డు ఉంది. సాయంత్రం పాలు పోయడం అయిపోయాక అక్కడ ప్లాస్టిక్ కుర్చీలు వేస్తారు. అబ్బాయి తరపోళ్ళు ఒక వరస, అమ్మాయి తరపోళ్ళు ఒక వరస, మధ్యలో వెంకట్రామయ్య, ఆయన పక్కన ఇంకో పెద్దమనిషి త్రికోటేశ్వరరావు. ఆడవాళ్ళు షెడ్డులోకి రారు. ఏ పిల్ల కాపురం గురించి పంచాయితీ జరుగుతుందో ఆ పిల్ల కూడా రాదు. ఎదురింటి అరుగు మీదో, పాలకేంద్రం గోడ వెనకో నిలబడాల్సిందే. ఆమె మాట ఆమె తండ్రి చెప్తాడు, తండ్రి లేకపోతే అన్న చెప్తాడు. అదేంది, కాపురం చేసేది తండ్రా అన్నా అని అడగబాకండి. అది ఆ ఊరి రివాజు. ఎవరు పెట్టారంటే ఒక్కరూ చెప్పలేరు గానీ, మారుద్దామంటే మాత్రం అందరూ మీదపడతారు.

వెంకట్రామయ్య చెడ్డోడని కాదు. ఎవరి దగ్గరా కాఫీ కూడా తాగడు. తాగొచ్చినోణ్ణి షెడ్డు మెట్టు ఎక్కనియ్యడు. కానీ కాపురాల పంచాయితీ వచ్చిందంటే ఆయన దగ్గరున్నది ఒకటే మందు. ఇరువైపులా చెప్పింది మర్యాదగా విని, కండువా ఈ భుజం మీదినుంచి ఆ భుజానికి మార్చుకుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టేవాడు.

"మా ఇంటావిడను చూడండి. మాకు మాత్రం గొడవలు రాలేదా? పెళ్ళైన రెండో ఏడు అలిగి పుట్టింటికి పోయింది. పెద్దలు నచ్చజెప్పారు, తిరిగొచ్చింది, సర్దుకుంది. ఇయ్యాల మా ఇల్లు చూడండి, మా పిల్లల్ని చూడండి. ఆ మనిషి మొహంలో ఎప్పుడన్నా కష్టం కనపడిందా మీకు?"

ఇంకేం మాట్లాడతారు ఎవరైనా? ధనమ్మను రోజూ చూస్తూనే ఉన్నారాయె. కల్లంలో నవ్వుతూ, బజార్లో బేరమాడుతూ, పెళ్ళిళ్ళల్లో వంటవాళ్ళను పరిగెత్తిస్తూ. అమ్మాయి తండ్రి మెత్తబడి తల ఊపేవాడు. గోడ వెనక నిలబడ్డ పిల్ల ఇంటికి పోయి బట్టలు సర్దుకునేది.

"ధనమ్మక్కా, నిన్న మళ్ళీ నీ పేరొచ్చింది షెడ్డులో" అని పొద్దున్నే చెప్పేది షెడ్డు ఎదురింటి కుల్సుం. మిషను కుట్టుకుంటూ అరుగు మీద కూర్చుంటుంది కాబట్టి పంచాయితీ అంతా ఆమెకి వినపడుద్ది. మొదట్లో ధనమ్మకి గర్వంగానే ఉండేది. ఎందుకుండదు? ఇంట్లో "ఏమే" తప్ప ఇంకో పిలుపెరగని మొగుడు నలుగురిలో పేరెత్తి పొగిడాడంటే ఎవరికైనా ఉంటుంది. రానురాను మాత్రం కుల్సుం ఆ మాట ఎత్తగానే చిరాకొచ్చేది. "నీకు జాకెట్టు కుట్టడం రాదుగానీ కబుర్లు మాత్రం బాగా కుడతావ్" అని విసుక్కుని లోపలికి పోయేది.

ఆ రెండో ఏడు ఏం జరిగిందో ధనమ్మకి తెలుసు. ఇప్పటికీ గుర్తున్నది ఆమె ఒక్కదానికే.

ధనమ్మ పుట్టిల్లు బెల్లంకొండ. పదో తరగతి మంచి మార్కులతో పాసైంది. టీచరు ట్రైనింగు చేస్తానని తండ్రి వెంట పడితే, "అత్తారింట్లో చేద్దువుగానిలేవే ట్రైనింగు" అని నవ్వి పదిహేడేళ్ళకే పెళ్ళి చేశాడు. కొత్తల్లో ధనమ్మకి ఆ బాధే లేదు. వెంకట్రామయ్య అందగాడు, నవ్వితే బుగ్గ సొట్టపడేది. ఆయన బండి చప్పుడు వీధి మలుపులో వినపడగానే గబగబా మొహం కడుక్కుని వాకిట్లోకి వచ్చేది. ఆ మనిషిని ధనమ్మ ప్రేమించింది, నిండుగా ప్రేమించింది. ఇందులో దాచుకోవాల్సిందేం లేదు.

రెండో ఏడు మిరపకోతలప్పుడు ఆయన ఊళ్ళో లేడు. కాయ ఘాటుకి కూలాడవాళ్ళ చేతులు మండిపోతున్నాయి. ఒకామె కళ్ళు నలుపుకుని కూలబడి ఏడుస్తోంది. ధనమ్మ పొద్దుగూకక ముందే పని ఆపించి, కాళ్ళూచేతులూ కడుక్కుని ఇళ్ళకి పొమ్మంది. సగం మంది ఇంకా కల్లంలో ఉండగానే వెంకట్రామయ్య వచ్చాడు.

"ఎవర్నడిగి పంపిస్తన్నావే?" అన్నాడు.

"అడగాలా ఏంది? నాకు తెలవదా?" అంది ధనమ్మ. పద్దెనిమిదేళ్ళ పిల్ల, నవ్వుతూనే అంది.

అందరి ముందూ చెంప పగలగొట్టాడు. ధనమ్మ కాయల మీద పడింది. ఎడమ చెవిలోంచి సన్నగా నెత్తురొచ్చింది. ఆ చెవికి ఇక వినపడలేదు.

పుట్టింటికి పోయింది. నెల తిరక్కుండా తండ్రే వెంటబెట్టుకుని తీసుకొచ్చాడు. ఆ రోజుల్లో పంచాయితీ వెంకట్రామయ్య వాళ్ళ ఇంటి అరుగు మీదే. పెద్దలంతా కూర్చున్నారు. ధనమ్మ తలుపు వెనక నిలబడి, కుడి చెవి తలుపుకి ఆనించి వింది. ఎవరో ఒకరు "ఏమ్మా, నువ్వేమంటావ్?" అని అడుగుతారని ఎదురుచూసింది. కాఫీలు తాగారు, వానల గురించి మాట్లాడుకున్నారు, అబ్బాయికి కొంచెం కోపం ఎక్కువన్నారు, అమ్మాయికి కొంచెం నోరు ఎక్కువన్నారు. "పెద్దలు చెప్పినట్టే" అన్నాడు తండ్రి. అయిపోయింది. ధనమ్మని అడిగినవాడు లేడు.

చెవికేమైందని అత్తగారు అడిగితే చీము పట్టిందని చెప్పింది. అడిగిన ప్రతివాళ్ళకీ అదే చెప్పింది. నలభై ఏళ్ళు ఒకే మాట చెప్పేసరికి వెంకట్రామయ్య కూడా చీమేనని నమ్మాడు. నమ్మితే సుఖంగా ఉంటుంది గదా మరి! తన మాట తనకి సగమే వినపడటంతో ధనమ్మ గొంతు అంతకంతకూ పెద్దదైంది. ఊరంతా చెప్పుకుని నవ్వుకునే గొంతు అట్టా వచ్చింది.

తర్వాత ఆయన చెయ్యి చేసుకోలేదా అంటే చేసుకున్నాడు. పిల్లలు పెద్దవాళ్ళయ్యేసరికి మానేశాడు. కొట్టడం మానేసినోడు మంచోడైపోయాడు ఆయన లెక్కలో. తలుచుకుంటే ఒళ్ళు మండుద్ది.

మొన్న మాఘమాసంలో వెనకింటి గోపాలకృష్ణయ్య కూతురు బిందు చేతికి కట్టుతో ఆటో దిగింది. తల్లి లేని పిల్ల, సగం ధనమ్మ చేతుల్లోనే పెరిగింది. బీఎస్సీ చదివి నరసరావుపేటలో ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంటే, అక్కడే పత్తి వ్యాపారం చేసే ఫణీంద్రకిచ్చి పెళ్ళి చేశారు. పెళ్ళవగానే ఉద్యోగం మానిపించాడు. తర్వాత ఫోను లాక్కున్నాడు. ఎవరితో నవ్వావు, ఎందుకు నవ్వావు అని మొదలుపెట్టి చెయ్యెత్తేవాడు. ఈసారి మోచెయ్యి విరిగింది.

గోపాలకృష్ణయ్య ఆ కట్టు చూసి బావురుమన్నాడు. తండ్రే గదా. ఏడ్చి, మొహం తుడుచుకుని, ఆదివారం పంచాయితీ పెట్టించమని వెంకట్రామయ్య దగ్గరికి పోయాడు. "నాన్నా, పోలీస్ స్టేషన్‌కి పోదాం" అని బిందు అంటే, "ఆ మెట్లెక్కిన పిల్ల నా మెట్లెక్కబళ్ళా" అన్నాడు. కోపం కాదది, భయం. నలుగురూ ఏమంటారోనని వణికిపోయే మనిషాయన.

శనివారం సాయంత్రం ధనమ్మ దొడ్లో గేదెలకు చొప్ప వేస్తుంటే బిందు వచ్చి కుడివైపున నిలబడింది.

"పెద్దమ్మా, రేపు పెదనాన్న షెడ్డులో నీ పేరు చెప్తాడు."

"చెప్తే చెప్పనియ్యవే. ఆయనకది అలవాటేగా."

"చెప్పాడంటే మా నాన్న తల ఊపుతాడు. రేపు రాత్రికల్లా నేను ఆ ఇంట్లో ఉంటా. అందుకే అడుగుదామని వచ్చా." బిందు ధనమ్మ మొహంలోకి సూటిగా చూసింది. "నువ్వు నిజంగా సుఖపడ్డావా పెద్దమ్మా? పడ్డానని నీ నోటితో నువ్వు చెప్తే పోతా. ఆయన కూడా మారతాడని, నేను కూడా ఎప్పటికో నీ అంత మనిషినవుతానని అనుకుని పోతా. ఇంకెవరి మాటా నేను నమ్మను."

ధనమ్మ చేతిలో చొప్పకట్ట అట్టాగే ఉండిపోయింది. "రేపు చెప్తాలేవే" అని మాత్రం అంది. బిందు వెళ్ళిపోయింది.

అన్నం వండుతున్నా, గేదెను కట్టేస్తున్నా ధనమ్మకి కుసుమ గుర్తొస్తూనే ఉంది. పై బజారు కుసుమ. నాలుగేళ్ళ కిందట ఇట్టాగే వచ్చింది, ఇట్టాగే ధనమ్మ పేరు చెప్పి పంపించారు. మొన్న బస్టాండులో కనపడింది. పలకరిస్తే తలెత్తలేదు. పాటలు పాడే పిల్ల, ఇప్పుడు అవును, కాదు, అంతకుమించి మాట లేదు. కుసుమకి ముందు ఇంకొకరు, వాళ్ళకి ముందు ఇంకొకరు. తన రెక్కలు ముక్కలు చేసుకుని నిలబెట్టుకున్న ఇంటిని చూపించి ఆడపిల్లల్ని తోలేస్తున్నారు. చూపిస్తున్నది తన మొహాన్ని. ఇంతకాలం ఊరుకున్నది కూడా తనే.

నోరు తెరిస్తే ఏమవుద్దో కూడా ఆమెకి తెలుసు. ఆయన తల ఎత్తుకోలేడు. నీలిమ అత్తగారు వంకర మాటలంటుంది. ఈ వయసులో ఇదేం పోయేకాలమని ఊరు నవ్వుద్ది. ఇల్లు మళ్ళీ ఇట్టా ఉంటుందో ఉండదో. తెల్లారేదాకా ఇదే.

ఆదివారం షెడ్డు నిండింది. ఫణీంద్ర కార్లో వచ్చాడు, మేనమామను, ఇంకో నలుగుర్ని వెంటేసుకుని. ఇస్త్రీ చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. బిందు కుల్సుం అరుగు మీద నిలబడింది. గోపాలకృష్ణయ్య లేచి, ఏదో తప్పు చేసినవాడిలా చేతులు కట్టుకుని, "మా పిల్ల కూడా కొంచెం తొందరపాటు మనిషే" అని మొదలుపెట్టాడు. పిల్ల చెయ్యి విరిగితే తండ్రి చెప్పాల్సిన మొదటి మాట అదీ! మేనమామ, మావాడికి వ్యాపారంలో చికాకులున్నాయన్నాడు. అంతా విన్నాక వెంకట్రామయ్య కండువా భుజం మార్చుకున్నాడు.

"మా ఇంటావిడను చూడండి..."

"చూడండయ్యా!"

పాలకేంద్రం రేకులు అదిరినట్టయింది. ధనమ్మ మెట్టెక్కి, రెండు వరసల మధ్యకి వచ్చి నిలబడింది. చీర చెంగు నడుముకి బిగించుంది. "చూడమంటన్నాడుగా, చూడండి. ఇన్నేళ్ళనుంచీ చూడమంటన్నాడు, ఇయ్యాల వచ్చా."

త్రికోటేశ్వరరావు కుర్చీలో కంగారుగా కదిలాడు. "ఏందమ్మా ధనమ్మా ఇది? ఆడవాళ్ళు షెడ్డులోకి..."

"పంచాయితీ పంచాయితీకీ నన్ను ఇందులోకి తెస్తనే ఉన్నారుగా అన్నయ్యా. పేరైతే రావచ్చు, మనిషి రాకూడదా?"

ఎవడో వెనక కిసుక్కున నవ్వి, మళ్ళీ గప్‌చుప్ అయ్యాడు. వెంకట్రామయ్య మొహం ఎర్రబడింది. "ఏమే, ఇంటికి పో. ఇంటికొచ్చాక మాట్లాడదాం."

"ఇంట్లో నలభై ఏళ్ళనుంచి మాట్లాడలా. ఇక్కడే మాట్లాడతా." ధనమ్మ ఎడమ చెవి మీది జుట్టు పక్కకి తోసింది. "ఈ చెవి నాకు వినపడదు, మీకందరికీ తెలుసు. ఎందుకు వినపడదో ఆయన్నడగండి."

"చీము పట్టిందిగా..." అన్నాడు వెంకట్రామయ్య. ఆ మాట సగంలో ఆయనకే ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయాడు.

"చీము కాదయ్యా. నీ చెయ్యి. కల్లంలో, కూలోళ్ళందరి ముందూ. నేనే చీమని చెప్పా, నీ పరువు కోసం. నువ్వేమో దాన్ని అలక అన్నావు." ఈసారి ధనమ్మ అరవలేదు. మామూలుగా మాట్లాడింది. అయినా చివరి కుర్చీ దాకా వినపడింది. "నేను సర్దుకున్నానంటన్నాడు. సర్దుకోలా. నోరు మూసుకున్నా. మా ఇల్లు నిలబడింది నేను తిరిగొచ్చినందుకు కాదు, నేను చాకిరీ చేసినందుకు. ఆ చాకిరీ నేను ఎక్కడున్నా చేసేదాన్ని. బెల్లంకొండలో టీచరునై చేసేదాన్ని. ఇంకెప్పుడూ ఏ పిల్లనీ నా పేరు చెప్పి పంపబాకండి. నేనొప్పుకోను."

అరుగువైపు తిరిగింది. "బిందూ! నిన్న అడిగావుగా. సుఖపడలేదే తల్లీ. నీకు అబద్ధం చెప్పలేను. రా, లోపలికి రా, నీ మాట నువ్వు చెప్పుకో."

ఫణీంద్ర మేనమామ లేచి నిలబడ్డాడు. "ఏందయ్యా ఇది, పంచాయితీయా, భాగోతమా? ఆడోళ్ళు మాట్లాడే చోట మేం కూర్చోం!"

"కూర్చోబాక. కారు అక్కడుంది" అంది ధనమ్మ.

బిందు అరుగు దిగింది. కుల్సుం కూడా మిషను వదిలేసి ఆమె వెనకే వచ్చింది. విరిగిన చెయ్యి గుండెకి అదుముకుని ఆ పిల్ల మెట్టెక్కుతుంటే ఎవరూ అడ్డం పడలేదు. అందరూ వెంకట్రామయ్య వైపే చూస్తున్నారు. ఆయన కాదంటే ఇక్కడితో ఆగిపోద్ది. నా పెళ్ళానికి మతి చెడిందని ఒక్క మాటంటే చాలు, నమ్మడానికి సగం షెడ్డు సిద్ధంగా ఉంది. ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు. తలెత్తకుండానే అడిగాడు.

"ఏమ్మా బిందూ, నువ్వేమంటావ్?"

"నేను పోను పెదనాన్నా" అంది బిందు. "కేసు పెడతా. మళ్ళీ ల్యాబులో చేరతా. మా నాన్న ఇంట్లో ఉండనియ్యకపోతే నరసరావుపేటలో హాస్టల్లో ఉంటా."

గోపాలకృష్ణయ్య కట్టుకున్న చేతులు విప్పాడు. వచ్చి కూతురి బాగున్న చెయ్యి పట్టుకుని, "హాస్టలెందుకే, ఇల్లుందిగా" అన్నాడు. ఫణీంద్ర ఏదో బెదిరింపు మాట అనబోయాడు. త్రికోటేశ్వరరావు చెయ్యి అడ్డంపెట్టి, ఇక పొమ్మన్నట్టు కారు వైపు చూపించాడు.

ఇంటికొచ్చాక వెంకట్రామయ్య కాళ్ళు కూడా కడుక్కోకుండా వసారాలో కూర్చుండిపోయాడు. దీపాలు పెట్టాక ధనమ్మ అన్నం వడ్డిస్తే పీట మీదికొచ్చాడు. నాలుగు ముద్దలు తిన్నాడు. కోప్పడతాడనుకుంది. అందుకు సిద్ధంగానే ఉంది, సంచీలో రెండు చీరలు కూడా పెట్టుకుంది.

"ఆ రోజు మన అరుగు మీద..." అని ఆగాడు. గిన్నె వైపు చూస్తూ మళ్ళీ అన్నాడు. "ఎవరన్నా నిన్ను అడిగుంటే ఏం చెప్పేదానివి?"

ధనమ్మ గరిటె కింద పెట్టింది.

"రానని చెప్పేదాన్ని."

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "మరి ఇన్నేళ్ళూ?"

"ఇన్నేళ్ళూ నీకు వండిపెట్టా. పిల్లల్ని కని పెంచా. నీకు జ్వరమొస్తే నిద్రమానుకుని కూర్చున్నా. అందులో దొంగతనమేం లేదు, మనసుపెట్టే చేశా. కానీ నిన్ను ప్రేమించింది మాత్రం ఆ కల్లంలో పడ్డదాకానే. అప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు."

వెంకట్రామయ్య ఏడ్చాడు. ఊరి కాపురాలన్నీ చక్కబెట్టిన మనిషి, కంచం ముందు కూర్చుని ముక్కు చీదుకుంటూ ఏడ్చాడు. ఇంకో రోజైతే ధనమ్మ పక్కన కూర్చుని వీపు నిమిరేది. ఆ రోజు నిమరలేదు. ఆ ఏడుపు ఆయనది, ఆయన్నే ఏడవనిచ్చింది. ఇంకో కంచం తెచ్చుకుని, ఆయనకెదురుగా కూర్చుని, తనకి అన్నం పెట్టుకుని తినడం మొదలుపెట్టింది.